చామంతి తోటకు రాత్రి దీపాల కిట్: బల్బుల కన్నా టైమరే ముఖ్యం

పలమనేరు, కుప్పం పరిసరాల్లోనూ, సరిహద్దు దాటితే కోలారు, కృష్ణగిరి వైపూ చలికాలం రాత్రిళ్లు ప్రయాణించే వారికి పొలాల నడుమ బల్బులు బారులు తీరి వెలగడం కనిపిస్తుంది. కాపలా కోసమనో, పురుగులను ఆకర్షించి చంపడానికనో చాలామంది అనుకుంటారు. నిజానికి వాటిలో ఎక్కువ భాగం చామంతిని కొన్నాళ్లపాటు పూయనివ్వకుండా ఆపడానికి పెట్టిన దీపాలు. ఇదివరకు రైతులు హోల్డర్లు, వైర్లు విడివిడిగా కొని సొంతంగా అమర్చుకునేవారు. ఇప్పుడు అదే సరంజామా పాతిక సెంట్లకు సరిపడేలా ఒకే పెట్టెలో కిట్‌గా దొరుకుతోంది. శీతాకాలపు చామంతి పంటకు అలాంటి కిట్ ఒకటి వాడి, దాని బాగోగులను దగ్గరుండి గమనించాను. ఇవే వస్తువులతో వేర్వేరు పేర్ల మీద కిట్లు అమ్మకానికి ఉన్నాయి కాబట్టి తయారీదారు పేరుతో ఇక్కడ పని లేదు. ఏది కొన్నా చూసుకోవలసిన విషయాలు ఇవే.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. టైమరు చాలా బాగుంది. బల్బులు నమ్మదగినవే కానీ వాటి మధ్య దూరం ఎక్కువ పెట్టారు. విద్యుత్ ప్రమాదాల నుంచి రక్షణకు చేసిన ఏర్పాటు చాలదు. పెట్టెలో ఉంచిన సూచనల కాగితాన్ని చామంతి రైతు యథాతథంగా పాటిస్తే పంట చేతికే రాదు. ఈ తీర్పుకు కారణం తెలియాలంటే చామంతి దేన్ని కొలుస్తుందో ముందు తెలియాలి, ఎందుకంటే ఈ కిట్‌లో ఏ వస్తువుకు ఎంత విలువ ఇవ్వాలో దాన్ని బట్టే తేలుతుంది.

మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయన్న సంగతిని శాస్త్రీయంగా నిరూపించినవారు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అల్లార్డ్. వారి దగ్గర మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది. వేసవిలో పొలంలో అది మనిషిని మించి ఎదిగి, ఆకు మీద ఆకు వేస్తూ పోయేది తప్ప పూత పట్టేది కాదు. అదే మొక్క శీతాకాలంలో గ్రీన్‌హౌస్‌లో పొట్టిగా ఉండగానే పూసేది. ఎరువు, తేమ, వేడి ఒక్కొక్కటిగా పరీక్షించినా తేడాకు కారణం చిక్కలేదు. చివరికి వేసవిలోనే మొక్కలను రోజూ కొన్ని గంటలపాటు చీకటి గదిలోకి చేర్చి పగటిని తగ్గించి చూడగా అవి పూశాయి. 1920లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మన పాఠ్యపుస్తకాలు కాంతికాలావధి అని చెప్పే పాఠం అక్కడే మొదలైంది. పగలు ఒక హద్దుకన్నా తగ్గితే పూసే చామంతి, సోయా, కంది, గోంగూర వంటివి హ్రస్వ దిన మొక్కలు. పగలు హద్దు దాటితే పూసేవి దీర్ఘ దిన మొక్కలు. టమాటా, గులాబీ వంటివి పగటి నిడివిని పెద్దగా పట్టించుకోవు.

కిట్ కొనేవారికి అంతకన్నా పనికొచ్చే సంగతి ఆ తరువాత బయటపడింది. 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మన బీళ్లలోనూ రోడ్ల పక్కనా విరివిగా మొలిచే మరులమాతంగి జాతి మొక్క మీద పరిశోధన చేసి, అది లెక్కించేది పగటిని కాదనీ, విరామం లేని చీకటిననీ చూపించారు. ఎనిమిదిన్నర గంటలకు మించి ఏకధాటిగా చీకటి దొరికితే ఆ మొక్క పూస్తుంది. పగటి నడుమ కాసేపు చీకటి చేస్తే దానికి ఏమీ కాదు. రాత్రి నడుమ కాసేపు వెలుగు చూపిస్తే మాత్రం ఆ రాత్రి లెక్కలోకి రాదు, పూత ఆగిపోతుంది. చామంతిదీ ఇదే స్వభావం. దానికి పదమూడున్నర గంటల పగలు హద్దు అని పుస్తకాల్లో కనిపిస్తుంది, అంటే సుమారు పదిన్నర గంటల ఎడతెగని చీకటి కావాలన్నమాట. రకాన్ని బట్టి ఈ హద్దు కొంత మారుతుంది.

కాబట్టి ఈ కిట్ చేసే అసలు పని రాత్రిని రెండు ముక్కలు చేయడం. పొలాన్ని పట్టపగలులా మార్చవలసిన అవసరం దానికి లేదు. డిసెంబరులో పలమనేరులో సంధ్య వెలుగు సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో పోయి, తెల్లవారుజామున ఆరు దాటాక మళ్లీ వస్తుంది. నడుమ ఉన్న పన్నెండు గంటల చీకటిని రాత్రి పదింటి నుంచి రెండింటి వరకు దీపాలతో చీలిస్తే, ముందు నాలుగు గంటలకు కాస్త తక్కువ, వెనుక నాలుగు గంటలకు కాస్త ఎక్కువ చీకటి మిగులుతుంది. రెంటిలో ఏదీ పదిన్నర గంటల దరిదాపుల్లోకి రాదు. మొక్క మొగ్గ ఊసు ఎత్తకుండా కాండం పెంచుకుంటుంది. ఎన్ని వాట్ల బల్బు అన్నదానికన్నా, ఆ నాలుగు గంటల వెలుగు ప్రతి రాత్రీ సరైన వేళకు పడుతోందా, ప్రతి మొక్క మీదా పడుతోందా అన్న రెండు ప్రశ్నలే కిట్ మంచిచెడ్డలను తేలుస్తాయి.

మన ప్రాంతంలో ఈ అవసరం ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి. ఉత్తర ఐరోపాలో జూన్ నెల పగలు పదహారు గంటలు దాటుతుంది కనుక అక్కడి రైతులు వేసవిలో నల్లటి తెరలు కప్పి చామంతిని పూయిస్తారు. పలమనేరు అక్షాంశంలో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగలు కూడా పదమూడు గంటలకు కాస్త తక్కువే. ఉదయ సాయం సంధ్యల వెలుగును కలుపుకుంటేనే అది చామంతి హద్దు దగ్గరకు వస్తుంది. అందుకే మే, జూన్ నెలల్లో నాటిన నారు కొంత ఎదిగి, పగలు తగ్గే కొద్దీ మొగ్గ తొడిగి, దసరా నుంచి కార్తీకం వరకు పూలిస్తుంది. అప్పుడు అందరి పూలూ ఒకేసారి మార్కెట్‌కు వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో నాటితే మాత్రం మొక్క జానెడు ఎత్తుకు రాకముందే మొగ్గ వేస్తుంది. నాలుగు పూలు పూసి ఊరుకునే ఆ పొట్టి మొక్కల వల్ల కూలి కూడా గిట్టదు. ఉగాదికీ, శ్రీరామనవమికీ, ఆ వెనుక పెళ్లిళ్ల ముహూర్తాలకూ పూలు అందించాలనుకునే వారికి దీపాలు తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

ఇక పెట్టెలోని వస్తువుల సంగతి. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వంద, పది అడుగులకు ఒకటి చొప్పున హోల్డర్లు ముందే బిగించిన వైరు చుట్టలు, డిజిటల్ టైమరు, కాంటాక్టరు (ఎక్కువ భారాన్ని మోయగల స్విచ్చు), ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే సరఫరా తెంచే స్విచ్చు), వీటిని అమర్చుకోవడానికి మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె ఉంటాయి. గడలు, కట్టుకునే తీగ మనమే తెచ్చుకోవాలి. నాకు ఇరవై రెండు వేల రూపాయలకు దగ్గరగా అయింది. విడివిడిగా కొంటే కొంత తగ్గేది కానీ, హోల్డర్లు ముందే బిగించి ఉండటం వల్ల మిగిలిన పని చూసుకుంటే ఆ తేడా పెద్దదేమీ కాదు. దుకాణం వారు పంపిన ఎలక్ట్రీషియన్ ఓపికగా, నీటుగా పని చేసి వెళ్లాడు.

టైమరును ముందు మెచ్చుకుంటాను. పాత పద్ధతిలో పళ్ల చక్రం తిరిగే టైమర్లు కరెంటుతోనే నడుస్తాయి. కరెంటు పోతే చక్రం ఆగుతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది. రోజుకో గంట కోత పడినా వారం గడిచేసరికి రాత్రి పదింటికి వెలగవలసిన దీపాలు తెల్లవారుజామున ఐదింటికి వెలుగుతాయి. పొద్దు పొడిచే ముందు వెలిగిన దీపం రాత్రిని చీల్చదు, పగటికి ఆ చివర ఓ గంట కలుపుతుందంతే. దానికి ముందున్న పది పదకొండు గంటల చీకటి చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. బయట నుంచి చూసేవారికి తోటలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి కనుక పొరపాటు కనిపించదు, మొగ్గ బయటపడేదాకా తెలియదు. ఈ కిట్‌లోని టైమరుకు లోపల చిన్న బ్యాటరీ ఉంది. కరెంటు లేకపోయినా గడియారం నడుస్తూనే ఉంటుంది. పంట కాలమంతా వేళ తప్పలేదు. వంద బల్బుల భారం నేరుగా టైమరు మీద పడకుండా కాంటాక్టరు ద్వారా ఇవ్వడం కూడా తెలిసినవారు చేసిన పనే, ఎందుకంటే ఎల్‌ఈడీ బల్బులు వెలిగే క్షణంలో లాగే కరెంటు మామూలు కన్నా చాలా ఎక్కువగా ఉండి టైమరు లోపలి చిన్న స్విచ్చులైన రిలేలను కాల్చేస్తుంది.

ఆ టైమరులో మరో ప్రయోజనం ఉంది, కిట్ కాగితంలో దాని ప్రస్తావనే లేదు. చామంతికి నాలుగు గంటలూ ఆగకుండా వెలుగు అక్కర్లేదు. అరగంటకు ఆరు నిమిషాల చొప్పున విడతలుగా వెలిగించినా పూత ఆగుతుందని దశాబ్దాల క్రితమే గమనించారు. దీని వెనుక ఉన్నది ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం. 1950ల్లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం చేసిన ప్రయోగాలతో దీని ఉనికి తెలిసింది. 660 నానోమీటర్ల దగ్గరి ఎర్రటి వెలుగు పడితే ఈ వర్ణకం చురుకైన రూపంలోకి మారుతుంది, 730 ప్రాంతంలోని, కంటికి సరిగా ఆనని ‘దూరపు ఎరుపు’ పడితే వెనక్కు వస్తుంది. చీకట్లో ఉంచితే చురుకైన రూపం మెల్లమెల్లగా తగ్గిపోతుంది. తగ్గేలోపు మళ్లీ ఓ విడత వెలుగు పడితే చామంతి దృష్టిలో రాత్రి మొదలు కానట్టే. టైమరులో ఉన్న ప్రోగ్రాములతో అరగంటకు పది నిమిషాల చొప్పున పెట్టాను. ఆరు నిమిషాలు చాలునని చెబుతున్నా, బల్బుల మధ్య వెలుగు పలుచగా ఉండటం వల్ల కొంత ఎక్కువే ఇవ్వడం మంచిదనిపించింది. వంద బల్బులు నాలుగు గంటలు ఆగకుండా వెలిగితే రాత్రికి 3.6 యూనిట్లు ఖర్చవుతాయి. విడతలుగా అయితే 1.2 యూనిట్లతో సరిపోతుంది. ఒకప్పుడు ఇదే తోటకు వంద వాట్ల పాత బల్బులు వాడితే రాత్రికి నలభై యూనిట్లు అయ్యేవి.

బల్బుల విషయంలో ఒక చిన్న మెచ్చుకోలు, ఒక పెద్ద ఫిర్యాదు ఉన్నాయి. మంచు కురిసే రాత్రుల్లోనూ, రెండు జల్లులు పడ్డప్పుడూ హోల్డర్లలోకి నీరు చేరలేదు, మాడిపోయిన బల్బులు చాలా తక్కువ. అయితే దుకాణం వారు అడగకుండా ఇచ్చేవి నీలి ఛాయ ఎక్కువగా ఉండే కూల్ వైట్ బల్బులు. ఫైటోక్రోమ్‌ను కదిలించేది ప్రధానంగా ఎరుపు కనుక, అంతే కరెంటుకు పసుపు ఛాయ ఉండే వార్మ్ వైట్ బల్బులు మేలు. ధరలో తేడా ఉండదు, అడిగితే మార్చి ఇస్తారు.

ఫిర్యాదు దూరం గురించి. మొక్కల తలల ఎత్తులో సుమారు 100 లక్సుల (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగు ఉండాలన్నది చామంతి సాగులో చాలాకాలంగా ఉన్న సిఫారసు. అందులో సగమున్నా ఆగే రకాలు ఉన్నాయి కానీ రకం స్వభావం పూర్తిగా తెలియకుండా ఆ సగాన్ని నమ్ముకోకూడదు. మొక్కల తలలకు ఐదడుగుల పైన బల్బులు వేలాడదీసి లక్స్ మీటరుతో కొలిస్తే సరిగ్గా బల్బు కింద 80 లక్సులకు దగ్గరగానూ, నాలుగు బల్బుల నడిమధ్య 40కి అటూ ఇటూగానూ వచ్చింది. తోట అంచున, ఒకవైపు మాత్రమే బల్బులున్న సాలులో అది 20కి పడిపోయింది. పది అడుగుల దూరం వైరు ఖర్చును ఆదా చేస్తుందేమో కానీ చామంతికి చాలదు.

చాలకపోతే మొక్క ఏం చేస్తుందో అంచు సాలులో స్పష్టంగా చూడవచ్చు. చామంతి ఆకు అంచులు లోతుగా చీలి, తమ్మెలు తమ్మెలుగా ఉంటాయి. దీపాలు బాగా పడిన మడి నడుమ కొమ్మ చివరి దాకా అలాంటి ఆకులే వచ్చాయి. అంచు సాలులో మాత్రం కొమ్మ పైభాగాన ఆకులు ఒక్కొక్కటిగా చిన్నవై, చీలికలు తగ్గి, ఆఖరి రెండు మూడు ఆకులు అసలు చీలికే లేని సన్నటి పట్టీల్లా తయారయ్యాయి. వాటి నడుమ జొన్న గింజంత మొగ్గ ఒకటి ముడుచుకుని అలాగే ఉండిపోయింది. అది ఎదగదు, విచ్చుకోదు. కింది కణుపుల నుంచి పక్క కొమ్మలు దాన్ని దాటుకుని పైకి వస్తాయి. మొగ్గ పుట్టడానికి సరిపడా చీకటి దొరికినా, పుట్టిన మొగ్గ ఎదగడానికి ఇంకా ఎక్కువ చీకటి కావాలి. అది అందనప్పుడు మొక్క ఇలా నడిమధ్యలో చిక్కుకుంటుంది. ఈ పట్టీ ఆకును గుర్తుపట్టడం నేర్చుకున్న రైతుకు లక్స్ మీటరు అక్కర్లేదు. ఎక్కడ వెలుగు తగ్గుతోందో మొక్కే చూపిస్తుంది. అంచున మరో వరుస బల్బులు పెంచిన తరువాత వచ్చిన ఆకులు మళ్లీ మామూలుగా చీలాయి. అందుచేత కొనేటప్పుడే ఎనిమిది అడుగుల దూరంతో హోల్డర్లు బిగించి ఇమ్మని అడగాలి. అప్పుడు అదే పాతిక సెంట్లకు నూట డెబ్బై బల్బుల దాకా పడతాయి.

దీపాలను మొక్కల మీదకు మరీ దించకుండా, ఆకులన్నిటి మీదా పడేలా ఎత్తుగా కట్టడం కూడా ముఖ్యమే. రాత్రిని కొలిచేది మొగ్గ వచ్చే కొన కాదు, ఆకులు. 1930ల్లో సోవియట్ శాస్త్రవేత్త చైలాఖ్యాన్ ఈ చామంతి మీదనే ప్రయోగాలు చేసి, ఆకులకు చిన్న పగళ్లు చూపిస్తే కొనకు పెద్ద పగళ్లు చూపించినా అది పూస్తుందని తేల్చాడు. ఆకుల్లో తయారై కొనకు చేరే పదార్థమేదో ఉండి తీరాలని చెప్పి దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. ఆ పదార్థం ఒక ప్రోటీన్ అనీ, ఆహారం ప్రవహించే నాళాల గుండానే కొనకు చేరుతుందనీ 2007లో జర్మనీ, జపాన్ బృందాలు చిన్న కలుపు మొక్క ఒకదానిలోనూ వరిలోనూ చూపించాయి. డెబ్బై ఏళ్లపాటు ఎవరికీ చిక్కని ఆ పదార్థం జాడను మొదట పట్టిచ్చినది మనం దండలకు గుచ్చే ఈ చామంతే అనుకుంటే నాకు ఎప్పుడూ ఆనందంగా ఉంటుంది.

ఇప్పుడు సూచనల కాగితం గురించి. ‘పూత వచ్చే వరకు ప్రతి రాత్రి దీపాలు వెలిగించాలి’ అని అందులో అచ్చువేశారు. చామంతి రైతు దీన్ని పాటిస్తే దీపాలు ఉన్నంతకాలం పూత రాదు, పూత రాలేదు కనుక దీపాలు ఆపడు. ఈ వాక్యం డ్రాగన్ ఫ్రూట్ కోసం రాసినదని దాన్ని సాగు చేసేవారికి వెంటనే తెలుస్తుంది. డ్రాగన్ ఫ్రూట్ దీర్ఘ దిన మొక్క. మన దగ్గర అది ఎండాకాలం చివర మొదలుపెట్టి వానాకాలమంతా పూసి, పగలు తగ్గగానే ఆగిపోతుంది. వియత్నాంలో రాత్రి దీపాలతో దానికి అకాలంలో పూత తెప్పించడం పెద్ద ఎత్తున జరుగుతోంది. మన రైతులు కూడా కొందరు ఆ దారి పట్టారు. అవే బల్బులు, అదే టైమరు, అవే నాలుగు గంటలు ఒక మొక్కను పూయిస్తాయి, మరొక మొక్కను పూయకుండా ఆపుతాయి. రెంటికీ కలిపి ఒకే కాగితం పెట్టడం తయారీదారు చేసిన క్షమించరాని అలక్ష్యం. కాగితాన్నే చదివాడో, ఎవరైనా చెప్పారో కానీ, మంచి పనివాడైన ఆ ఎలక్ట్రీషియన్ కూడా వెళ్తూ వెళ్తూ ‘రాత్రంతా వేసి పెట్టన్నా, పూలు దండిగా వస్తాయి’ అన్నాడు. పెట్టుబడి పెట్టి నారు నాటుకున్న కొత్త రైతు ఆ మాట నమ్మితే ఎవరు బాధ్యులు?

కాగితంలో ఉండవలసిన లెక్క చాలా సులభం. పూలు ఎప్పుడు కావాలో ముందు నిర్ణయించుకుని వెనక్కు లెక్కించాలి. దీపాలు ఆపిన తరువాత రకాన్ని బట్టి ఎనిమిది నుంచి పది వారాలకు కోత మొదలవుతుంది. నాటిన రోజు నుంచి దీపాలు ఆపే వరకు సుమారు నాలుగు వారాలు కాండం ఎదగనివ్వాలి, ఈ కాలంలోనే తలలు తుంచి పక్క కొమ్మలు తెప్పించుకోవాలి. ఉగాదికి పూలు కావాలంటే జనవరి మధ్యలో దీపాలు ఆపాలి, డిసెంబరు మధ్యకు నారు నాటి ఉండాలి. నాటిన తొలి రాత్రి నుంచే దీపాలు వేయాలి. ఆపిన రోజు నుంచి చీకటి పూర్తిగా చీకటిగానే ఉండాలి. పంపుసెట్ గది ముందు రాత్రంతా వెలిగే బల్బు, వీధి దీపం, పక్క తోట దీపాలు పడే సాళ్లలో పూత వెనుకబడుతుంది. పూత మొదలైన తరువాత ఎండలు ముదిరితే రాత్రులు ఎంత పొడవున్నా మొగ్గ ఆలస్యమై రంగు వెలిసిపోతుంది కనుక, ఈ కిట్‌ను నమ్ముకుని మే నెల పూల మీద ఆశలు పెట్టుకోవడం తగదు.

కరెంటు కోత గురించి అడిగేవారు చాలామంది ఉంటారు. మరులమాతంగికి ఒక్క పొడవాటి రాత్రి దొరికితే చాలు, పూతకు సిద్ధమైపోతుంది. చామంతికి అలాంటి రాత్రులు వరుసగా చాలా కావాలి. ఒక రాత్రి దీపాలు వెలగకపోతే కొంప మునగదు, వరుసగా వారంపాటు వెలగకపోతే మాత్రం పంట తారుమారవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లకు ఇచ్చే తొమ్మిది గంటల సరఫరా పగటి పూట కనుక, రాత్రి దీపాలకు దాని మీద ఆధారపడలేం. దీపాలకు ఏ కనెక్షన్ వాడాలో, ఏ టారిఫ్ పడుతుందో విద్యుత్ శాఖ కార్యాలయంలో ముందే కనుక్కుని, కావలసినది రాయించుకుని ఆపై కిట్ కొనడం మంచిది.

రక్షణ విషయంలో కిట్‌కు నేను మార్కులు వేయలేను. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాపాడదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన మడిలో, భుజాన మందు పంపుతో, పైన వేలాడే వైర్ల కింద మనుషులు నడుస్తారు. పూల కోతకు వచ్చే ఆడవాళ్లు చాలాసార్లు చెప్పులు లేకుండానే మడిలోకి దిగుతారు. ఎక్కడైనా తొడుగు చిట్లి కరెంటు బయటకు పారితే క్షణంలో సరఫరా తెంచే ఈఎల్‌సీబీ తప్పనిసరిగా ఉండాలి. ఇరవై రెండు వేలు తీసుకుంటున్న కిట్‌లో అది లేకపోవడం సమర్థించుకోలేని లోటు. దాన్ని విడిగా కొని పెట్టించాను. కొనే ప్రతి ఒక్కరూ, తయారీదారు ఇవ్వకపోయినా సరే, పెట్టించుకోవాలి.

పొరుగు పొలం గురించి ఒక మాట. గట్టు అవతల కంది ఉంటే ఆ సాళ్ల మీద మన దీపాల వెలుగు పడకుండా చూసుకోవాలి. కంది కూడా హ్రస్వ దిన మొక్కే. ఖరీఫ్‌లో ఏపుగా పెరిగే కంది రబీలో ఆలస్యంగా విత్తితే పొట్టిగా ఉండగానే పూతకు వస్తుందని మన రైతులందరికీ తెలుసు, రబీలో దగ్గర దగ్గరగా విత్తడానికి కారణం కూడా అదే. వీధి దీపాల కింద సోయా కోతకాలంలోనూ పచ్చగా ఉండిపోవడం చాలా చోట్ల గమనించిన విషయం. గట్టు వైపు బల్బులకు రేకు ముక్కతో మరుగు పెట్టాను, పైసా ఖర్చు కాలేదు.

పంట విషయానికి వస్తే, మడి నడుమ కొమ్మలు మోకాలి ఎత్తు దాటి సమంగా ఎదిగాయి. దీపాలు ఆపాక మూడో వారం చివరికి మొగ్గలు కంటికి కనిపించాయి. కోత దాదాపు ఒకే విడతలో వచ్చింది. పూలు అమ్ముకునేవారికి ఈ ఏకరూపత విలువ తెలుసు: వారం పొడవునా గంపెడు గంపెడుగా వచ్చే పూలకన్నా, పండుగ ముందు రెండు మూడు రోజుల్లో ఒక్కసారిగా తెగే పూలకే మంచి ధర పలుకుతుంది. అంచు సాళ్లు మాత్రం ముందూ వెనుకా పూసి కోతను చీకాకు పరిచాయి.

పది సెంట్లలోపు తోట ఉన్నవారికి ఈ కిట్ దండగ, టైమరు, కాంటాక్టరు, ఈఎల్‌సీబీ కొని మిగిలినవి స్థానికంగా అమర్చుకుంటే సరిపోతుంది. దసరా, కార్తీకం పూలకే పరిమితమయ్యేవారికి కూడా దీని అవసరం తక్కువ. ఉగాది, పెళ్లిళ్ల గిరాకీ చూసుకుని పావు ఎకరం, ఆపైన చలికాలపు చామంతి వేసేవారు కొనవచ్చు, అయితే ఎనిమిది అడుగుల దూరం, వార్మ్ వైట్ బల్బులు, ఈఎల్‌సీబీ అన్న మూడింటినీ బిల్లు రాయించే ముందే అడిగి పెట్టించుకోవాలి. దుకాణం వారు ఒప్పుకోకపోతే మరో దుకాణం చూసుకోండి. ఇదే సరుకు పలమనేరులోనే ఇంకా రెండు మూడు చోట్ల దొరుకుతోంది.